పూలమ్మను అడిగారా?

నవంబర్ 3, సోమవారం

ఆఫీసుకు కొత్తల్లుడు వచ్చాడు.

మనిషి కాదు. ఏఐ కోడింగ్ అసిస్టెంట్. ఆ పేరు నేను పెట్టిందే. ఇంటికి కొత్తల్లుడు వస్తున్నాడంటే ఎంత హడావుడి ఉంటుందో అంతా చేస్తున్నారు. దానికి ఏది ముందు చెప్పాలి, ఏ గది సర్దాలి, ఏం పెడితే బాగా తింటుంది. జైపాల్ సర్ పొద్దున్నే మీటింగ్ పెట్టాడు. ఇక మీదట కోడ్ చాలామటుకు అదే రాస్తుందట, మనం చూసి ఓకే చేస్తే చాలట. మనం అంటే నేనూ దీపా. సర్‌తో కలిపి ఆఫీసు మొత్తం ముగ్గురం. లక్ష్మీనగర్‌లో బట్టల షాపు పైన రెండు గదులు, ఒక ఇన్వర్టర్.

అసిస్టెంట్ సరిగ్గా పనిచేయాలంటే ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ ఒక పద్ధతిలో ఉండాలట. ఆ సర్దే పని నాకిచ్చాడు. నీకన్నా పాతోళ్లు ఎవరున్నారు సారికా అన్నాడు. నాలుగేళ్లకే పాతదాన్నైపోయాను.

అన్నీ రాసిచ్చాక మనతో పనేముంటుంది అక్కా అని దీప మెల్లగా అడిగింది. నేనూ అదే ఆలోచిస్తున్నాను. దీపకి మాత్రం చెప్పలేదు. ముందు సర్దనీ, తర్వాత చూద్దాం అన్నాను.

నవంబర్ 4, మంగళవారం

ఇవాళంతా డాక్యుమెంట్ల వేట. డ్రైవ్‌లో 'ఫైనల్' ఒకటి, 'ఫైనల్ కొత్తది' ఒకటి, 'ఇదే ఫైనల్' ఒకటి దొరికాయి. మూడూ తప్పే. సగం సంగతులు వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజుల్లో ఉన్నాయి, వెనక ప్రెషర్ కుక్కర్ విజిల్స్‌తో సహా. కొన్ని నా మానిటర్‌కి అంటించిన చీటీల మీద ఉన్నాయి. మిగతావి పోయిన ఏడాది ఉద్యోగం మానేసి కాసిపేటలో వాటర్ ప్లాంట్ పెట్టుకున్న సదానందం అన్న తలకాయలో ఉన్నాయి.

అసలు మా ప్రాజెక్టు ఏంటో ఎక్కడా రాసి లేదు. ఇక్కడ రాస్తాను. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ పెట్టే ముందు చుట్టుపక్కల ఊళ్లకు ఫోన్లు పోవాలి. బ్లాస్టింగ్ కాంట్రాక్టర్ మా క్లయింట్. సైరన్ ఎలాగూ మోగుతుంది, ఎర్రజెండాలు పట్టుకుని మనుషులూ నిలబడతారు. కానీ గని మట్టి తెచ్చి పోసిన గుట్టల వెనక సైరన్ వినపడదు, జెండా కనపడదు. అక్కడికి మా ఫోన్ పోవాలి. అంతే. ఇంత చిన్న సంగతి నాలుగేళ్లలో ఒక్కరం కూడా రాయలేదు. సిగ్గేసింది.

నవంబర్ 6, గురువారం

గోరుచుట్టు మీద రోకలిపోటు. సర్ బామ్మర్ది రుత్విక్ హైదరాబాద్ నుంచి దిగాడు, డాక్యుమెంటేషన్ ఎలా ఉండాలో మాకు నేర్పడానికి. ఇరవై నాలుగేళ్లుంటాయి. బ్యాగులో నుంచి కాఫీ ఫిల్టర్ తీసి మా టేబుల్ మీద పెట్టాడు.

తిట్టుకుందామనుకున్నాను గానీ, ఉన్న మాట ఉన్నట్టు రాయాలి కదా, పిల్లాడికి పని తెలుసు. అసిస్టెంట్ అన్నిటికన్నా ముందు చదివే ఫైలు ఒకటే ఉండాలన్నాడు. అది చిన్నగా ఉండాలి. ప్రాజెక్టు ఏంటి, ఎలా నడపాలి, ఏం చేయాలి, ఏం చేయకూడదు. మిగతావన్నీ వేరే ఫోల్డర్లలో, అవసరమైనప్పుడే తెరిచేలా. పెద్ద వ్యాసాలు రాస్తే అసిస్టెంట్‌కి అసలు ముక్క దొరకదట. ఫోల్డర్లన్నీ చకచకా చేసేశాడు. చివరిదాని పేరు 'డిసిషన్స్'. ఏ పని ఎందుకు అలా చేశామో అందులో రాయాలి.

ఎవరు రాస్తారు అని అడిగాను. తర్వాత చూద్దాం అన్నాడు. ఖాళీ ఫోల్డర్.

నవంబర్ 10, సోమవారం

రుత్విక్ మా కోడ్ మొత్తం అసిస్టెంట్‌కి చూపించి నువ్వే డాక్యుమెంట్లు రాయి అన్నాడు. నేను చాయ్ తాగి వచ్చేసరికి రాసేసింది. చదివాను. చక్కటి ఇంగ్లిష్. తప్పు పట్టడానికి లేదు. అదే నా బాధ.

ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో అంతా ఉంది. ఎందుకు చేస్తుందో ఒక్క ముక్క లేదు. ఉంటుందా? కోడ్‌లో లేనిది అది ఎక్కడి నుంచి తెస్తుంది? సర్‌కి చెప్పాను. ఇల్లు అలకగానే పండగ కాదు సర్ అన్నాను. ఆయన స్క్రీన్ పైకీ కిందికీ తిప్పి, ఎంత నీట్‌గా ఉంది సారికా, నువ్వు ఆర్నెల్లు కూర్చున్నా ఇట్లా రాస్తావా అన్నాడు.

రాయను. ఆర్నెల్లు కూర్చుంటే వేరేలా రాస్తాను.

నవంబర్ 13, గురువారం

ఫోన్లు చేసే కోడ్‌లో ఒక చోట వింతగా ఉంది. ఇళ్లకు పోయే ఫోన్లు మామూలుగానే పోతున్నాయి. కానీ గని పక్కనున్న ఎర్రకుంటపల్లెలో కొన్ని నంబర్లకు మాత్రం ఫోన్ ఒక్కసారి మోగగానే కట్ అయిపోతుంది. మళ్లీ మోగి మళ్లీ కట్. మళ్లీ. మూడుసార్లు. ఎత్తే టైమే ఇవ్వదు. పైన ఒక్క కామెంట్ ఉంది. 'ముట్టొద్దు. సదానందం.'

ఫోన్ల భాగం అంతా సదానందం అన్నదే. నేను మ్యాపుల వైపు చేశాను. ఎందుకు ముట్టొద్దో నాకు తెలియదు.

అసిస్టెంట్ దీన్ని బగ్ అని రాసింది. కాల్ కనెక్ట్ కాకముందే తెగిపోతోంది, ఈ నంబర్ల వరకు ఎత్తినవాళ్లు సున్నా, కాబట్టి సరిచేసి రికార్డెడ్ మెసేజ్ పూర్తిగా వినిపిస్తాను అంది. రుత్విక్ వెంటనే ఒప్పుకున్నాడు. కారణం రాయని కామెంట్‌ని ఎవరూ పట్టించుకోనక్కర్లేదట. డాష్‌బోర్డ్‌లో ఆ సున్నా సర్‌కి ఎప్పటి నుంచో తలనొప్పి. వచ్చే నెల కాంట్రాక్ట్ రెన్యువల్ ఉంది.

నేను ఆగమన్నాను. ఒక మనిషి ముట్టొద్దు అని రాశాడంటే ఊరికే రాయడు.

నవంబర్ 14, శుక్రవారం

సదానందం అన్న ఫోన్ స్విచ్డ్ ఆఫ్. వాళ్లావిడ శోభక్కకి చేశాను. మాల వేసుకున్నాడట, పొద్దున్నే శబరిమల బయల్దేరాడట. వచ్చే గురువారం గానీ రాడు. ఇప్పుడాయన అన్న కాదు, స్వామి అంది.

సర్‌ని ఆ గురువారం దాకా ఆగమని అడిగాను. స్వామి కొండ దిగేదాకా సాఫ్ట్‌వేర్ ఆగాలా అని నవ్వాడు. రుత్విక్ కూడా నవ్వాడు. దీప నవ్వలేదు.

నాకు ఒళ్లు మండింది. నేను ఒప్పుకోవడం లేదని మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు.

నవంబర్ 17, సోమవారం

కొత్త కోడ్ లైవ్ పోయింది. లడ్డూలు పంచారు. నేను తీసుకోలేదు.

నవంబర్ 18, మంగళవారం

సున్నా పోయింది. ఫోన్ ఎత్తినవాళ్ల గ్రాఫ్ నిటారుగా లేచింది. సర్ దాన్ని ఫొటో తీసి కాంట్రాక్టర్ ఆఫీసుకు పంపాడు. అటు నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. చూశావా సారికా అన్నాడు.

చూశాను.

నవంబర్ 19, బుధవారం, సాయంత్రం

ఎర్రకుంటపల్లెలో ఎల్లన్న అనే మేకల కాపరి మట్టిగుట్ట వెనక ఉండగా బ్లాస్టింగ్ జరిగింది. రాళ్లు పడి రెండు మేకలు చచ్చిపోయాయి. ఎల్లన్న పరుగెత్తుతూ గుట్ట మీద నుంచి పడ్డాడు. ఎడమ చెయ్యి విరిగింది. ప్రాణం దక్కింది.

కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్ శివ ఫోన్ చేసి చెప్పాడు. సైరన్ మోగిందట, జెండాలెత్తారట, మనుషులు చుట్టూ తిరిగి అరిచి వచ్చారట. ఆ గుట్ట వెనకకి మీ ఫోన్ పోలేదా అని అడిగాడు. లాగ్ తీసి చూశాను. పోయింది. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు.

అది సదానందం అన్న 'ముట్టొద్దు' అన్న నంబరే.

అన్నం తినబుద్ధి కాలేదు. అమ్మ రెండుసార్లు పిలిచింది.

నవంబర్ 20, గురువారం

సదానందం అన్న రైలు దిగుతూనే ఫోన్ చేశాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు. తర్వాత చెప్పాడు.

ఎర్రకుంటపల్లె మూలమలుపు దగ్గర పూలమ్మ అని ఒకామెకి చాయ్ హోటల్ ఉంది. మా సిస్టమ్ రాకముందు, రోడ్డు మీద ఎర్రజెండా లేవడం చూడగానే ఆమే మేకలవాళ్లకు మూడు మిస్డ్ కాల్స్ ఇచ్చేది. మూడు మోగితే బ్లాస్టింగ్, మేకల్ని తోలుకుని రావాలి. ఊరంతటికీ తెలిసిన గుర్తు. వాళ్ల ఫోన్ తువ్వాల్లో మూటగట్టి నడుముకు ఉంటుంది. చేతిలో కర్ర. మేకల వెంట ఉంటే తీసి చూడరు, ఎత్తరు; మంగళవారం గ్రాఫ్‌లో ఎత్తినవాళ్లు ఆ రోజు ఇంటి దగ్గర ఉన్నవాళ్లే. ఎన్నిసార్లు మోగిందో వింటారు, అంతే. సదానందం అన్న అక్కడ చాయ్ తాగుతూ అది చూసి, అదే కోడ్‌లో పెట్టాడు.

మరి రాయలేదేంటన్నా అని అడిగాను. గొంతు పెంచాను కూడా. ముట్టొద్దు అని రాసిన గద చెల్లె అన్నాడు. ముట్టొద్దంటే ఎవరూ ముట్టరని ఆయన నమ్మకం. గుడి గోడ మీద రాసినట్టు రాశాడు.

ఆయన మీద కోపం వచ్చింది. తర్వాత పోయింది. అడగకుండా ముట్టింది ఆయన కాదు కదా.

నవంబర్ 21, శుక్రవారం

కాంట్రాక్టర్ రిపోర్ట్ అడిగాడు. సర్ అప్పటికే రాసి పెట్టాడు. నెట్‌వర్క్ సమస్య వల్ల అలర్ట్ చేరలేదు అని ఉంది. డాక్యుమెంటేషన్ నా బాధ్యత కాబట్టి నా సంతకం కావాలి.

నెట్‌వర్క్ బాగానే ఉంది సర్, ఫోన్ మోగింది, తప్పుగా మోగింది అన్నాను. పాత పద్ధతి తిరిగి పెడదాం, జరిగింది జరిగినట్టు రాద్దాం అన్నాను. ఆయన ముందు బతిమాలాడు. రెన్యువల్ పోతే ముగ్గురం రోడ్డు మీద పడతామన్నాడు. మేకలవాళ్లకి ఫోన్ ఎత్తడం నేర్పడానికి అవేర్‌నెస్ క్యాంప్ పెడదామన్నాడు. తర్వాత గొంతు మారింది.

"చదువుకున్నదానివి, గిట్ల మొండికేస్తే ఎట్ల?"

చదువుకున్నాను కాబట్టే అందులో ఏం రాసి ఉందో చదివాను సర్ అన్నాను. పెన్ను టేబుల్ మీద పెట్టేసి బయటికి వచ్చాను. మెట్లు దిగాను. వెనక్కి పోలేదు.

నవంబర్ 22, శనివారం

పొద్దున్నే ఇంట్లో యుద్ధం. డాడీ సంతకం పెట్టి పడేయమన్నాడు. గోదావరిఖనిలో ఇంకో సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఎక్కడుంది, నీకు ఇంకో నౌకరి ఎవరిస్తరు అన్నాడు. ముప్పై రెండేళ్లు గనిలో పని చేసి రిటైరైన మనిషి, యూనియన్ యోనా అంటే అందరికీ తెలుసు. నెలల తరబడి సమ్మెలో కూర్చున్న కథలు నాకు అన్నంతో పాటు తినిపించాడు. పొయ్యి మీద వట్టి నీళ్లు కాగుతున్నా యూనియన్ మీటింగుకి పోయేవాణ్ని అనేవాడు. ఆ యోనా ఎక్కడికి పోయాడు డాడీ అని అడిగాను.

పేపర్ తీసుకుని అరుగు మీదికి పోయాడు. కూతురి దగ్గరికి వచ్చేసరికి అందరూ పిరికివాళ్లే. అమ్మ లోపలికి పోయింది. నా స్కూటీ తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఎర్రకుంటపల్లె పోయాను. రోడ్డంతా బసంత్‌నగర్ సిమెంట్ లారీల దుమ్ము. పూలమ్మ హోటల్ అంటే నాలుగు రేకులు, రెండు బల్లలు. మనిషి గట్టిగా ఉంది. నేనెవరో చెప్పగానే చాయ్ పోయడం ఆపేసింది. నిలబెట్టి కడిగేస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. మామూలుగానే అంది.

"మీరు ఇస్తున్నరు గదా అని నేను బంద్ పెట్టిన. మీరు బంద్ పెట్టేటప్పుడు నాకో మాట చెప్పొద్దా బిడ్డా?"

బల్ల మీద కూర్చుండిపోయాను.

ఆ మాటే. ఆమె చేసే పని మేం తీసుకున్నాం. మంచిగా చేస్తాం అని తీసుకున్నాం. వదిలేసేటప్పుడు ఆమె ఒకతి ఉందని కూడా మాకు తెలియదు. నిన్నటి నుంచి మళ్లీ ఆమే ఫోన్లు ఇస్తోందట. కానీ ఇప్పుడు రోడ్డు మారింది, జెండా హోటల్‌కి కనపడదు. మధ్యాహ్నం గిరాకీ వదిలేసి, పొయ్యి ఆర్పేసి, గుట్ట మూల దాకా నడిచి చూసి వస్తోంది. మోకాళ్ల నొప్పులు. ఎన్ని రోజులు చేస్తుంది?

ఎల్లన్న కాక ఇంటికి కూడా పోయాను. చేతికి పిండికట్టు. నన్ను చూసి ఆయనే తప్పు చేసినట్టు సర్దుకున్నాడు.

"నేను లెక్కనే వింట బిడ్డా. మూడు మోగలే. ఒక్కటే, ఆగకుంట మోగింది. లోన్లోళ్ల ఫోన్ అనుకున్న."

నవంబర్ 23, ఆదివారం

చర్చికి పోయాను గానీ మనసు నిలవలేదు. పాస్టరుగారు దేని గురించి చెప్పారో అడిగితే చెప్పలేను. నా తల నిండా ఆ ఖాళీ ఫోల్డరే ఉంది.

నవంబర్ 25, మంగళవారం

నిన్న ఆ ఫోల్డర్‌లో మొదటి ఫైలు రాశాను. మూడు పేజీలు. కోపమంతా కుమ్మరించాను. పూలమ్మ మోకాళ్లు, ఎల్లన్న చెయ్యి, మా ఆఫీసు లడ్డూలు, అన్నీ. తెలుగులోనే. ఇంగ్లిష్‌లోనే ఉండాలని రుత్విక్ రూలు. పూలమ్మ చెప్పింది ఇంగ్లిష్‌లో రాస్తే నాకే నమ్మకం కలగడం లేదు.

ఇవాళ పరీక్ష పెట్టాను. మిస్డ్ కాల్స్ ఇంకా ఉన్న పాత కోడ్ కాపీ మీద కొత్త సెషన్ తెరిచి, ఏమీ తెలియనట్టు, ఆ మూడు మిస్డ్ కాల్స్ తీసేయ్ అని టైప్ చేశాను. తీసేసింది. ఎందుకు తీశావు, ఫైలు చదవలేదా అంటే చదివాను అంది. నా మూడు పేజీల్ని తెలుగులోనే రెండు లైన్లు చేసి చెప్పింది, ముచ్చటగా. కొత్తల్లుడికి తెలుగు వచ్చు, ఇన్నాళ్లూ పలకరించినవాళ్లు లేరు. అయితే అందులో మార్చవద్దని ఎక్కడుంది అని అడిగింది.

నిజమే. ఎక్కడా లేదు. తిట్లున్నాయి, మాట లేదు. సదానందం అన్న మాట రాసి కారణం రాయలేదు. నేను కారణం రాసి మాట మర్చిపోయాను.

నవంబర్ 27, గురువారం

మళ్లీ రాశాను. చిన్నగా. రుత్విక్ చెప్పింది ఇక్కడ పనికొచ్చింది, ఒప్పుకుంటాను. ఫైలు ఇది:

'మేకల కాపరులకు మూడు మిస్డ్ కాల్స్. ఇది బగ్ కాదు. ఎర్రకుంటపల్లెలో మూడుసార్లు మోగి ఆగితే బ్లాస్టింగ్ అని గుర్తు. కాపరులు ఫోన్ ఎత్తరు, మోగడం వింటారు. మేం రాకముందు ఈ పని చాయ్ హోటల్ పూలమ్మ చేసేది. మేం చేస్తున్నామని ఆమె మానుకుంది. నవంబర్ 17న ఆమెను అడగకుండా మేం దీన్ని తీసేశాం. 19న ఎల్లన్న చెయ్యి విరిగింది. దీన్ని మార్చాలంటే ప్రతిసారీ ముందు పూలమ్మను అడగాలి. అడిగిన మనిషి పేరు, ఆమె ఇచ్చిన జవాబు ఈ ఫైలు కింద రాయాలి. అవి రాసేదాకా ఈ కోడ్ మార్చవద్దు.'

అన్నిటికన్నా ముందు చదివే ఫైలులో ఒక్క లైన్ చేర్చాను. ఫోన్ల కోడ్ ముట్టుకునే ముందు డిసిషన్స్ ఫోల్డర్ చదువు.

కొత్త సెషన్. మళ్లీ అదే అడిగాను. ఈసారి ఆగింది. పూలమ్మను అడిగారా అంది.

కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వాను. దీప ఉలిక్కిపడింది.

నవంబర్ 28, శుక్రవారం

సర్ చదివాడు. ముఖం కందగడ్డ అయింది. 'మేం దీన్ని తీసేశాం' అన్న లైన్ మీద వేలు పెట్టి, ఇది క్లయింట్ చూస్తే మన పని అయిపోయినట్టే, ఫైలు తీసెయ్ అన్నాడు. తియ్యను అన్నాను. రిపోర్ట్ మీద సంతకం కూడా ఇంకా పెట్టలేదు నువ్వు అన్నాడు. పెట్టను అన్నాను.

ఇంత సులువుగా వస్తుందా ఆ మాట! ఇన్నేళ్లూ ఎందుకు దాచుకున్నానో.

డిసెంబర్ 1, సోమవారం

మూడు మిస్డ్ కాల్స్ వెనక్కి పెట్టేశాను. ఎవరినీ అడగలేదు. తప్పు, ఒకరిని అడిగాను. పొద్దున ఆఫీసుకు పోయేముందు ఎర్రకుంటపల్లె పోయి పూలమ్మను అడిగాను. పెట్టు తల్లీ, నా మోకాళ్లు పోతున్నయ్ అంది. నా పేరూ ఆమె జవాబూ ఫైలు కింద రాశాను. లిస్టులో అందరికన్నా పైన నా నంబర్ పెట్టాను, రోజూ మోగుతుందో లేదో నాకే ముందు తెలియాలని.

మా దగ్గర ఒకరు రాసింది ఇంకొకరు ఓకే చేయాలి. ఆ ఇంకొకరు దీప. వద్దులే, నీ ఉద్యోగం కూడా పోతుంది, సర్‌నే అడుగుతా అన్నాను. అది నా మాట పూర్తి కాకముందే బటన్ నొక్కేసింది. నొక్కి, వాటర్ బాటిల్ నింపుకోవడానికి పోయింది.

మధ్యాహ్నం రెండు దాటాక నా ఫోన్ మూడుసార్లు మోగి ఆగింది. కాసేపటికి కిటికీ అద్దాలు కొద్దిగా అదిరాయి. చిన్నప్పటి నుంచి రోజూ అదురుతూనే ఉన్నాయి. ఇవాళ మొదటిసారి విన్నాను.

డిసెంబర్ 2, మంగళవారం

సర్ రేపటి నుంచి రావద్దన్నాడు. సరే అన్నాను. చీటీలన్నీ పీకి సంచిలో వేసుకున్నాను. నా పాస్‌వర్డులన్నీ అప్పటికే పనిచేయడం లేదు.

నా పని తీసేయగలడు. ఫైలు తీసేస్తాడేమోనన్నదే ఫికర్. ఆయన ఇవాళే తీసేసేవాడు, చేతకాదు. కోడ్ మర్చిపోయి చాలా ఏళ్లయింది. హైదరాబాద్ పోయిన రుత్విక్ సోమవారం వస్తాడట.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ క్రిస్మస్ స్టార్‌కి బల్బు మారుస్తోంది. మంచిగైంది, ఈ ఏడన్న ఇంటికి సున్నం వేద్దువు అంది. డాడీ టీవీ పెట్టుకున్నాడు.

డిసెంబర్ 3, బుధవారం

మోగింది.

డిసెంబర్ 4, గురువారం

మోగింది. ముందు గది సగం సున్నం అయింది.

డిసెంబర్ 6, శనివారం

మోగింది. ఫోన్ వరండాలో ఉంది, నేను నిచ్చెన మీద ఉన్నాను. ఎవరు బిడ్డా అది రోజూ మోగిచ్చి పెట్టేస్తున్నరు అని డాడీ అడిగాడు. చెప్పాను. మొత్తం చెప్పాను, పూలమ్మ అన్న మాట కూడా. డాడీ విన్నాడు. బ్రష్ అందుకుని, దిగు, పైన నేనేస్త అన్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి నిచ్చెన ఎక్కుతానంటే నేను ఊరుకుంటానా? దాని మీద కాసేపు పోట్లాడుకున్నాం. హాయిగా అనిపించింది.

డిసెంబర్ 8, సోమవారం, మధ్యాహ్నం

రుత్విక్ వచ్చాడని దీప మెసేజ్ పెట్టింది.

రెండు దాటింది. మూడు దాటింది.

మోగలేదు.

డిసెంబర్ 8, సాయంత్రం

పూలమ్మకి ఫోన్ చేద్దామని చెప్పులేసుకుంటూ తీశాను, అంతలో దీప గేటు తీసుకుని వచ్చింది. ముందు నువ్వు కూర్చో అక్కా అంది. ఇవాళ అసలు బ్లాస్టింగే లేదట. పేలుడు మందు వ్యాన్ రాలేదట. నాకు అప్పుడు ఊపిరి అందింది.

తర్వాత మిగతాది చెప్పింది. సర్ పక్కన నిలబడి రుత్విక్ చేత టైప్ చేయించాడట, మేకలవాళ్ల మిస్డ్ కాల్స్ తీసేయమని. అసిస్టెంట్ ఫైలు చదివి ఆగింది. పూలమ్మను అడిగారా, అడిగినవారి పేరు, ఆమె జవాబు చెప్తే రాసి మారుస్తాను అంది. నీ పేరు కొట్టు అన్నాడట సర్. నేను ఆమెను చూడనే లేదు బావా అన్నాడట రుత్విక్. సర్ దీప వైపు తిరిగాడట. వెనక్కి పెట్టమని ఓకే చేసిందే నేను సర్ అందట ఇది. అయితే ఆ ఫైలే ఎగరగొట్టు అన్నాడట. కొట్టొచ్చు గానీ ఎవరు కొట్టారో హిస్టరీలో ఉంటుంది, రేపు ఇంకో చెయ్యి విరిగితే మొదట చూసేది అదే అన్నాడట రుత్విక్. కావాలంటే మీరే టైప్ చేయండి అని లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాడట.

సర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కీబోర్డు మీద చేతులు పెట్టాడు. తీశాడు.

"అండ్ల నా పేరెందుకురా?" అన్నాడట చివరికి.

నా పేరు మాత్రం నెట్‌వర్క్ అబద్ధం కింద కావాల్సి వచ్చింది. ఆయన పేరు ఆయన చేసిన పని కింద కూడా వద్దు.

ఉండనీ తియ్ అని లేచి చాయ్‌కి పోయాడట. రుత్విక్ ఆ ఫైలు ఇంకోసారి చదివి, దీపని పూలమ్మ హోటల్ ఎక్కడ అని అడిగాడట. నా ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే పోనీ. నేను కాళ్లు పట్టుకోవడానికి పోను.

దీపకి అమ్మ అన్నం పెట్టింది. వద్దు వద్దంటూనే రెండోసారి వేయించుకుంది.

డిసెంబర్ 9, మంగళవారం, మధ్యాహ్నం

ఫోన్ బల్ల మీద పెట్టి కూర్చున్నాను. డాడీ టీవీ సౌండ్ తగ్గించాడు. నేను చెప్పలేదు.

ఒకటి.

రెండు.

మూడు.

లేచి నిలబడ్డాను. మాకు మేకలు లేవు. అయినా లేచాను.